ఏంజెల్ పిల్లల కోసం ఇంట్లో రొయ్యల పెంపకం: విశాఖలో ఎవరైనా చేస్తున్నారా?

ఎంవీపీ_ఏంజెల్ | మార్చి 3, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. మాది ఎంవీపీ కాలనీ. మూడడుగుల ట్యాంకులో నాలుగు ఏంజెల్ చేపలు, పక్కన చిన్న ట్యాంకులో ఒక ఫైటర్ చేప ఉన్నాయి. పోయిన నెల ఏంజెల్ జత మొదటిసారి గుడ్లు పెట్టింది. ఇంట్లో అందరం ట్యాంకు ముందే కూర్చున్నాం. పిల్లలు ఈదడం మొదలుపెట్టాక నాలుగో రోజుకి ఒక్కటీ మిగల్లేదు. పొడి మేత నలిపి వేశాను, ఉడికించిన గుడ్డు పచ్చసొన గుడ్డలో పిండి వేశాను. నీళ్లు మజ్జిగలా తయారయ్యాయి గానీ పిల్లల పొట్టలు నిండలేదు.

కదిలే మేత ఉంటేనే పిల్లలు తింటాయని ఒకరు చెప్పారు. మొన్న తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, బతికున్న చిన్న రొయ్యలు కొన్ని తెచ్చి బకెట్లో ఉప్పునీళ్లు కలిపి వదిలాను. అవి గుడ్లు పెడితే పిల్లలు వస్తాయని నా ఆశ. మర్నాటికి అన్నీ చచ్చి, బాల్కనీ అంతా వాసన. ఎక్కడ తప్పు చేశాను? అసలు ఇంట్లో రొయ్యలు పెంచడం అయ్యే పనేనా?

భీమిలి_హేచరీ | మార్చి 3, రాత్రి 11:15

అయ్యే పనే. కానీ మీరు తెచ్చిన రొయ్యతో కాదండి. నేను భీమిలి వైపు రొయ్య పిల్లల్ని తీసే హేచరీల్లో 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

హార్బర్‌లో దొరికేవి సముద్రపు రొయ్యలు. వల నుంచి ఒడ్డుకు వచ్చేసరికే వాటి పని సగం అయిపోతుంది. ఒకవేళ బతికినా బకెట్లో గుడ్లు పెట్టవు. పెట్టాయే అనుకోండి, గుడ్డులోంచి వచ్చిన పిల్ల నాప్లి, జోయియా, మైసిస్ దశలు దాటితే గానీ రొయ్య ఆకారానికి రాదు. ఒక్కో దశకి ఒక్కో మేత, నీళ్లలో ఉప్పు శాతం తేడా రాకూడదు, వేడి తేడా రాకూడదు. చెరువుల్లో పెంచే వనామీ రకం రొయ్యకైతే తల్లి రొయ్యలు విదేశాల నుంచి వచ్చి, చెన్నై నీలాంకరైలో క్వారంటైన్ దాటాకే హేచరీలకి చేరతాయి. అంత జాగ్రత్త ఎందుకంటే, 1990ల మధ్యలో తెల్లమచ్చ తెగులు వచ్చి మన కోస్తాలో టైగర్ రొయ్యల చెరువులు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ వైరస్ చేపలకి రాదు గానీ రొయ్య జాతి మొత్తానికి ప్రమాదం. మీ బకెట్ నీళ్లు, చచ్చిన రొయ్యలు కాలవలో పారబోయకండి. రొయ్యల్ని మట్టిలో పూడ్చి, నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ కలిపి ఒక రోజు ఉంచి పారబోయండి.

మీకు కావలసినవి వేరే రెండు ఉన్నాయి. ఏంజెల్ పిల్లలకి ఆర్టీమియా. పెద్ద చేపలకి మంచినీటి చిన్న రొయ్య. ఈ రెండింటినీ కలిపి చూస్తే గందరగోళం అవుతుంది. పెంచే తీరు వేరు, నీళ్లు వేరు, పట్టే కాలం వేరు.

ఆర్టీమియా అసలు రొయ్య కాదు, దాని దూరపు చుట్టం. ఉప్పు సరస్సుల్లో బతుకుతుంది. నీళ్లు మరీ ఉప్పగా మారి బతకడం కష్టమైనప్పుడు, గట్టి పెంకు ఉన్న గుడ్లు పెడుతుంది. వాటినే సిస్టులు అంటాం. ఎండిన సిస్టు ఏళ్ల తరబడి నిద్రపోతున్నట్టు ఉండి, ఉప్పునీళ్లు తగిలిన ఒక్క రోజులో పిల్లగా బయటికొస్తుంది. అమెరికాలో యూటా రాష్ట్రంలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి ఈ సిస్టులు ప్రపంచమంతా వెళ్తాయి. మా హేచరీలు నడిచేదే వాటి మీద. 425 గ్రాముల టిన్నుల్లో వస్తాయి. మీకు అంత అక్కర్లేదు, అక్వేరియం షాపుల్లో చిన్న ప్యాకెట్లు కట్టి అమ్ముతారు.

గాజువాక_గప్పీ | మార్చి 4, ఉదయం 6:30

అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను నాలుగేళ్లుగా గప్పీ పిల్లలకి ఆర్టీమియానే వేస్తున్నాను. నా పద్ధతి చెబుతా, ఖర్చు పెద్దగా ఉండదు.

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసేసి తలకిందులుగా నిలబెట్టండి. మూతకి చిన్న బెజ్జం పెట్టి ఎయిర్ పంపు ట్యూబు దూర్చి, చుట్టూ గమ్ వేయండి. ఎయిర్ స్టోన్ వద్దు. సన్న బుడగలకి సిస్టులు నురగతో పైకెక్కి సీసా గోడకి అంటుకుపోతాయి. పెద్ద బుడగలు అడుగు నుంచి దబదబా రావాలి, ఒక్క గుడ్డు కూడా అడుగున కూర్చోకూడదు.

లీటరు నీళ్లకి 25 గ్రాముల కల్లుప్పు. నేను పూర్ణా మార్కెట్‌లో కిలోల లెక్కన కొంటాను, నౌపడ ఉప్పు దొరికితే అదే. అయోడిన్ ఉప్పుతో కూడా పిల్లలు వస్తాయి, ఇంట్లో అదే ఉంటే దానితోనే మొదలుపెట్టండి. చిటికెడు వంట సోడా వేయండి, నీళ్ల పీహెచ్ 8 దాటితే పెంకు బాగా పగులుతుంది. కుళాయి నీళ్లయితే ముందు రోజు పట్టి ఉంచండి. సిస్టులు లీటరుకి రెండు గ్రాములు మించొద్దు, ఇంటికి అర గ్రాము చాలు. ఒక గ్రాములోంచి రెండు లక్షల పైనే పిల్లలు వస్తాయి. పైన లైటు వేసి ఉంచండి. మొదటి కొన్ని గంటలు వెలుతురు తగలకపోతే చాలా గుడ్లు నిద్ర లేవవు.

ఇప్పటి వాతావరణంలో సరిగ్గా 24 గంటలకి సీసాలో రంగు మారుతుంది. ముదురు గోధుమ రంగు పోయి నారింజ రంగు వస్తుంది. అప్పుడు పంపు ఆపి పది నిమిషాలు వదిలేయండి. ఖాళీ పెంకులు పైకి తేలతాయి, పగలని గుడ్లు అట్టడుగుకి చేరతాయి, పిల్లలు వాటికి కొంచెం పైన గుంపు కడతాయి. సీసా పైభాగం గుడ్డతో కప్పి, కింద పక్కగా మొబైల్ టార్చ్ పెడితే పిల్లలన్నీ వెలుతురు దగ్గరికే వస్తాయి. సన్న ట్యూబుతో అక్కడి నుంచి లాగి, చేతిరుమాలులో వడగట్టి, మంచినీళ్లతో ఒకసారి కడిగి చేపలకి వేయండి. టీ జల్లెడలో ఆగవు, అర మిల్లీమీటరు కూడా ఉండవు మరి.

పెంకులు ట్యాంకులో పడనివ్వకండి. చిన్న పిల్లలు మింగితే పేగులో అడ్డం పడతాయి.

ఎంవీపీ_ఏంజెల్ | మార్చి 4, రాత్రి 8:05

ఇంత ఓపిగ్గా రాసినందుకు ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక సందేహం. బీచ్ మాకు నడిచే దూరం. ఉప్పు కొనే బదులు సముద్రపు నీళ్లే తెచ్చుకోవచ్చా?

భీమిలి_హేచరీ | మార్చి 4, రాత్రి 10:40

తెచ్చుకోవచ్చు, కానీ ఆర్కే బీచ్ ఒడ్డున పట్టకండి. ఊరి కాలవలు కలిసే చోటికి దూరంగా, రుషికొండ దాటాక, అలలు మట్టి లేపని రోజు పట్టండి. నాలుగు మడతల గుడ్డలో వడగట్టి, ఒకసారి మరిగించి చల్లార్చండి. ఇంకొక మాట. మన బంగాళాఖాతం నీళ్ల ఉప్పదనం ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. వానలు పడి నదులు పొంగాక ఒడ్డు దగ్గర బాగా తగ్గుతుంది. సిస్టులు లీటరుకి 5 గ్రాముల నుంచి 35 గ్రాముల దాకా పగులుతాయి కాబట్టి దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. రోజూ బిందె మోసే ఓపిక లేకపోతే కల్లుప్పే సుఖం.

ఎంవీపీ_ఏంజెల్ | మార్చి 9, ఉదయం 7:20

రెండుసార్లు పెట్టాను. రెండుసార్లూ పదిలో ఒకటి కూడా పగల్లేదు. నీళ్లు, ఉప్పు, లైటు అన్నీ చెప్పినట్టే. థర్మామీటరు 28 చూపిస్తోంది. ప్యాకెట్ షాపు ఆయన పెద్ద డబ్బాలోంచి చెంచాతో తీసి కట్టి ఇచ్చాడు.

భీమిలి_హేచరీ | మార్చి 9, మధ్యాహ్నం 1:30

మీ పని తప్పు కాదు. గుడ్లు తేమ పట్టాయి. ఎండిన సిస్టు గాలిలోని తేమని పీల్చుకుని లోపల సగం మేలుకుంటుంది, నీళ్లు చాలక మళ్లీ ఎండిపోతుంది. ఇలా నాలుగైదుసార్లు జరిగితే లోపలి పిండం శక్తి అయిపోయి చచ్చిపోతుంది. మన ఊరి ఉక్కపోతలో మూత తీసిన డబ్బా వారం రోజుల్లో పాడవుతుంది. సీలు ఉన్న చిన్న ప్యాకెట్ తీసుకోండి. విప్పగానే గాజు సీసాలోకి మార్చి, కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి పడేసి, ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీశాక చల్లదనం పోయేవరకూ మూత తీయకండి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది.

మే నెలలో ఇంకోటి గుర్తుంచుకోండి. నీళ్ల వేడి 33 దాటితే గుడ్డు లోపలే పాడవుతుంది, తర్వాత చల్లబరిచినా లేవదు. డాబా మీద, కిటికీ ఎండలో సీసా పెట్టకండి.

పెందుర్తి_చెరువు | మార్చి 9, సాయంత్రం 6:10

ఇంత కష్టం దేనికండి? మా వైపు చెరువు గట్టున చేతివల వేస్తే గాజులా మెరిసే చిన్న రొయ్యలు బోలెడు. తొట్టిలో నీళ్లు నిలవబెడితే దోమ పిల్లలు వాటంతట అవే వస్తాయి. నా చేపలు రెండూ తింటాయి. పైసా ఖర్చు లేదు.

సీతమ్మధార_నాచు | మార్చి 10, ఉదయం 11:00

పెందుర్తి తమ్ముడూ, కోపం తెచ్చుకోకు. దోమ పిల్లల మాట మాత్రం దయచేసి ఇక్కడ ఎవరికీ చెప్పకు. తొట్టిలో నీళ్లు నిలవబెడితే వచ్చేది డెంగీ దోమే. ఒక్క రోజు వడగట్టడం మరిచిపోతే పక్కింటి పిల్లాడికి జ్వరం వస్తుంది. చెరువు రొయ్యలతో పాటు తూనీగ పిల్లలు, జలగలు, పురుగుమందు కలిసిన నీళ్లు కూడా వస్తాయి. పెద్ద చేపలకి అప్పుడప్పుడు వేసుకుంటానంటే నీ ఇష్టం, కానీ పిల్లలు తీసే ట్యాంకులోకి వద్దు. పైగా అన్ని మంచినీటి రొయ్యలూ మంచినీళ్లలో పిల్లలు తీయవు. మన నీలకంఠ రొయ్య సంగతే చూడు, ఏట్లో పెరుగుతుంది గానీ దాని పిల్లలు ఉప్పు కలిసిన నీళ్లలో తప్ప బతకవు.

ఎంవీపీ గారూ, మీ పెద్ద ఏంజెల్ చేపల కోసం నేను చెర్రీ రొయ్యలు పెంచమంటాను. అవి పూర్తిగా మంచినీటివి. తల్లి పొట్ట కింద ఇరవై ముప్పై గుడ్లు అంటించుకుని నెల రోజులు తిరుగుతుంది. కాళ్లతో వాటిని విసురుతూనే ఉంటుంది, చూడ్డానికి చంటిబిడ్డని ఉయ్యాల ఊపుతున్నట్టే ఉంటుంది. మధ్యలో దశలేవీ లేవు. గుడ్డులోంచి వచ్చేదే రెండు మిల్లీమీటర్ల పూర్తి రొయ్య. మూడు నెలలకి అది కూడా గుడ్లు పెడుతుంది.

నాది 40 లీటర్ల ట్యాంకు. స్పాంజ్ ఫిల్టర్, గుప్పెడు జావా మాస్ అనే నాచు, అడుగున రెండు బాదం ఆకులు. మా వీధి చివర ఉన్న బాదం చెట్టు కింద రాలిన ఎర్రటి ఆకులు ఏరి, కడిగి ఎండబెట్టి వేస్తాను. పది రోజులకి ఆకు మీద జిగురులాంటి పొర కడుతుంది, కంటికి కనిపించీ కనిపించని ఆ పిల్లలు దాని మీదే బతుకుతాయి. చివరికి ఆకులో ఈనెలు మాత్రం మిగులుతాయి, లేసు అల్లినట్టు. వారానికి రెండుసార్లు ఉడికించిన బీరకాయ ముక్కో పాలకూరో వేస్తాను. పచ్చివి వేయను, మార్కెట్ కూరగాయల మీద మందు ఉంటుంది.

కొత్తవాళ్లకి రెండు భయాలు వస్తాయి. అడుగున తెల్లగా పడి ఉన్న రొయ్య చచ్చినది కాకపోవచ్చు, కుబుసం అయి ఉండొచ్చు. తీసేయకండి, సున్నం కోసం అవే తినేస్తాయి. ఇక ఒక రాత్రి మగవన్నీ పిచ్చెక్కినట్టు ట్యాంకంతా ఈదితే నీళ్లు పాడయ్యాయని కంగారు పడకండి. ఆడది కుబుసం విడిచి జతకి సిద్ధమైందని అర్థం.

నిజంగా భయపడాల్సినది వేరే ఉంది. రెండేళ్ల కిందట మా వీధిలో సాయంత్రం దోమల పొగబండి తిరిగింది. నేను ఇంట్లో లేను, కిటికీ తెరిచి ఉంది, ఎయిర్ పంపు ఆ కిటికీ గట్టు మీదే ఉంది. వచ్చి చూసేసరికి రొయ్యలన్నీ పక్కకి ఒరిగి కాళ్లు కొట్టుకుంటున్నాయి. తెల్లారేసరికి ఎనభైకి పైగా పోయాయి. అదే గదిలో గప్పీలకి ఏమీ కాలేదు. దోమల మందు రొయ్యకి విషం. గోడకి పెట్టే లిక్విడ్ మందు కూడా అంతే, పంపు ఆ గాలిని పీల్చి నేరుగా నీళ్లలోకి పంపుతుంది. ఇప్పుడు ఆ గదిలో దోమతెర తప్ప ఏమీ వాడను.

అలాగే మైలతుత్తం, అంటే రాగి ఉప్పు, ఉన్న చేపల మందులు ఆ ట్యాంకు దరిదాపుల్లోకి రానివ్వకండి. ఏసీ నుంచి కారే నీళ్లు శుభ్రంగా ఉంటాయని కొందరు పోస్తారు. అవి రాగి గొట్టాల మీద నుంచి వచ్చే నీళ్లు, రొయ్యలకి వద్దు.

ఎంవీపీ_ఏంజెల్ | మార్చి 10, రాత్రి 9:15

మేడమ్, పొగబండి సంగతి చదివి గుండె జారిపోయింది. మా ఎయిర్ పంపు కూడా కిటికీ దగ్గరే ఉంది, ఇప్పుడే లోపలికి మార్చాను. మాది బోరు నీళ్లు, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటరు 900 చూపిస్తోంది. రొయ్యలకి పనికొస్తాయా?

సీతమ్మధార_నాచు | మార్చి 11, ఉదయం 10:20

ఎక్కువేనండి. మున్సిపల్ కుళాయి నీళ్లు పట్టి ఒక రోజు గాలి కొట్టించి వాడండి, లేదా బోరు నీళ్లలో ఆర్వో నీళ్లు కలిపి 250 దగ్గరికి తెండి. ఉత్త ఆర్వో నీళ్లలో సున్నం ఉండదు, కుబుసం సరిగ్గా ఊడక చచ్చిపోతాయి. రొయ్యల్ని తెచ్చాక కవర్లోంచి టపీమని వదలకండి. మెడికల్ షాపులో సెలైన్ ట్యూబు కొని, ట్యాంకు నీళ్లు చుక్క చుక్కగా రెండు గంటలు పడనివ్వండి. వేసవిలో నీళ్లు 30 దాటితే ట్యాంకు పైన చిన్న ఫ్యాను పెట్టండి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేరకి ఆర్వో నీళ్లు పోయండి. ఆవిరిలో పోయేది నీరే, ఉప్పులు కిందే ఉండిపోతాయి కదా.

ఇరవై రొయ్యలతో మొదలుపెట్టి నాలుగు నెలలు ఒక్కటి కూడా చేపలకి వేయకండి. ఆ ఓపిక లేకపోతే ఈ పని మొదలుపెట్టొద్దు. తర్వాత రంగు లేనివి, పాలిపోయినవి ఏరి వారానికి పది పదిహేను వేస్తే గుంపు తగ్గదు. వేసే ముందు రోజు వాటికి స్పిరులినా అనే నాచు పొడి పెడితే, ఆ బలం చేపకి చేరుతుంది.

మురళీనగర్_డిస్కస్ | మార్చి 11, రాత్రి 7:45

కరెంటు సంగతి ఎవరూ ఎత్తలేదు, అందుకని రాస్తున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధికి వారం దాకా కరెంటు లేదు. ఫోన్లు లేవు, నీళ్లు లేవు, ఇక చేపల గురించి ఎవరిని అడగాలి? చెంబుతో నీళ్లు ఎత్తి పోస్తూ రెండు రాత్రులు మేలుకున్నాను. మోటారు మీద నడిచే కిక్కిరిసిన ట్యాంకులో డిస్కస్ చేపలు ఒక్కటీ దక్కలేదు. బాల్కనీలో నాచు నిండిన సిమెంటు తొట్టిలో నాలుగు మొల్లీలు మాత్రం ఏమీ ఎరగనట్టు ఈదుతున్నాయి.

అప్పటి నుంచి ఏ ట్యాంకు పెట్టినా ఒక్కటే చూసుకుంటాను, పంపు ఆగితే ఒక రాత్రి నిలుస్తుందా? రొయ్యలకి స్పాంజ్ ఫిల్టర్, నాచు, తక్కువ మేత ఉంటే నిలుస్తుంది. ఆర్టీమియా సీసా నిలవదు, గాలి ఆగిన గంటా రెండు గంటల్లో అడుగున కుప్పపడి ఊపిరాడక పోతాయి. బ్యాటరీ సెల్లుతో నడిచే పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. అక్టోబరు, నవంబరు నెలల్లో తప్పనిసరి.

కొత్తవలస_22 | మార్చి 12, ఉదయం 8:00

ఆర్టీమియా పిల్లల్ని పెంచి పెద్దవి చేసి, వాటి చేతే గుడ్లు పెట్టిస్తే మళ్లీ ప్యాకెట్ కొనక్కర్లేదు కదా? ఎవరైనా చేశారా?

గాజువాక_గప్పీ | మార్చి 12, మధ్యాహ్నం 2:25

చేశాను. 50 లీటర్ల టబ్బు, లీటరుకి 35 గ్రాముల ఉప్పు, నెమ్మదిగా గాలి. మేత స్పిరులినా పొడి, నీళ్లలో కలిపి రోజుకి చిటికెడు. అవి నీళ్లని వడగట్టుకుని తింటాయి కాబట్టి నీళ్లు లేత ఆకుపచ్చగా కనిపించాలి, చెయ్యి మణికట్టు దాకా ముంచితే వేళ్లు మసగ్గా అగుపడాలి. వేళ్లు స్పష్టంగా కనిపిస్తే మేత వేయాలి, కనిపించకపోతే రెండు రోజులు ఆపాలి. మేత ఎక్కువై పాడు చేసుకునేవాళ్లే ఎక్కువ. మూడు వారాలకి సెంటీమీటరు పొడవు పెరుగుతాయి, వెల్లకిలా ఈదుతూ జతలు కట్టి తిరుగుతాయి. అంతా బాగుంటే ఆడవి నేరుగా పిల్లల్నే కంటాయి, సిస్టులు పెట్టవు. కాబట్టి ప్యాకెట్ మానేసే పరిస్థితి మాత్రం రాలేదు. పెద్ద ఆర్టీమియా ఫైటర్లకి పండగ భోజనం, అందుకే చలికాలంలో ఒక టబ్బు నడుపుతాను. మే నెలలో వేడికి ఒక్క రోజులో మొత్తం పోయాయి, మళ్లీ ఎండాకాలంలో ప్రయత్నించలేదు.

భీమిలి_హేచరీ | మార్చి 12, రాత్రి 11:05

బాగా చెప్పావు తమ్ముడూ. ఒక్కటి కలుపుతాను. చేప పిల్లలకి వేసేది పుట్టిన కొద్ది గంటల్లో వేయాలి. మొదటి ఎనిమిది గంటలు ఆర్టీమియా పిల్లకి నోరు తెరుచుకోదు, పొట్టలో పచ్చసొన ఉంటుంది. మన చేపకి అందే బలం అదే. కుబుసం విడిచాక ఆ సొన కరిగిపోతుంది, పిల్ల పెద్దదవుతుంది, వేగంగా ఈదుతుంది, చేప పిల్లకి దొరకదు. మిగిలినవి కడిగి ఫ్రిజ్‌లో పెడితే ఒక రోజు అలాగే ఆగుతాయి.

ఎంవీపీ_ఏంజెల్ | ఏప్రిల్ 21, రాత్రి 10:30

ఇన్ని రోజులు రాయకపోవడానికి కారణం ఉంది, ఖాయంగా తెలిశాకే చెబుదామనుకున్నాను. కొత్త సీలు ప్యాకెట్‌తో సీసా 22 గంటలకే నారింజ రంగుకి తిరిగింది. ఏంజెల్ జత ఏప్రిల్ 2న మళ్లీ గుడ్లు పెట్టింది. పిల్లలు ఈదే రోజుకి సరిపోయేలా ముందు రోజు పొద్దున్నే సీసా పెట్టాను. పొద్దున ఆరింటికి ఒక డ్రాపర్ నిండా వదిలాను. మొదట రెండు నిమిషాలు పిల్లలు కదల్లేదు. తర్వాత ఒకటి తోక మడిచి, ఆగి, టక్కున ముందుకి దూకింది. పావుగంటకి భూతద్దంలో చూస్తే, గాజు సూదిలా ఉండే ఒంట్లో పొట్ట ఒక్కటి నారింజ చుక్కలా నిండి కనిపించింది. మా అమ్మాయి లెక్కపెట్టింది, 140 దాటాక ఆపేసింది.

రోజుకి నాలుగుసార్లు వేశాను. రెండు సీసాలు పన్నెండు గంటల తేడాతో నడుపుతున్నాను. ఇవాళ్టికి 90కి పైగా ఉన్నాయి, కొన్నింటికి రెక్కలు పైకి లేస్తున్నాయి.

సీతమ్మధార మేడమ్, మీరు ఇచ్చిన 20 చెర్రీ రొయ్యల్లో మూడు గుడ్లతో తిరుగుతున్నాయి. ఫ్యాను పెట్టాను, నీళ్లు 28 దగ్గర ఉన్నాయి. ఆగస్టు వరకూ ఒక్కటి కూడా చేపలకి వేయను.

సీతమ్మధార_నాచు | ఏప్రిల్ 22, ఉదయం 6:50

పొద్దున్నే మంచి కబురు చదివాను. ఏంజెల్ పిల్లలు రూపాయి బిళ్లంత అయ్యాక నాకు నాలుగు కావాలి, ఇప్పుడే చెప్పి ఉంచుతున్నాను. బాదం ఆకులు అయిపోతే చెప్పండి, ఒక సంచి ఎండబెట్టి ఉంచాను.